సరస్సును చీల్చిన గీత, గీతను ఎరుగని చేప

అమెరికా సంయుక్త రాష్ట్రాల పటాన్ని తీరికగా పరిశీలించిన పాఠకులు ఉత్తరపు అంచున ఒక వింతను గమనించి ఉంటారు. కెనడాతో ఆ దేశానికి గల సరిహద్దు పడమటి సముద్రతీరం నుండి 49వ అక్షాంశం వెంట దారం పట్టి గీసినట్లు తిన్నగా తూర్పుకు సాగుతుంది. మినిసోటా రాష్ట్రం దాకా వచ్చి, అక్కడ హఠాత్తుగా ఉత్తరానికి ఎగబాకి, చిన్న కొమ్ములా పొడుచుకొని, మరల కిందికి దిగుతుంది. ఆ కొమ్ము మొలిచిన చోట ఒక మహా సరస్సు ఉన్నది. దాని పేరు లేక్ ఆఫ్ ది వుడ్స్, అనగా అడవుల సరస్సు. వాలై, పైక్, బాస్ అనే మూడు జాతుల మంచినీటి చేపలకు అది ఉత్తర అమెరికాలోనే పేరుమోసిన చోటు.

ఎక్కడి సరస్సు, ఎక్కడి చేప, మనకెందుకు అని అనుకోవచ్చు. ఇల్లు ఒక రాష్ట్రంలో, పొలం మరొక రాష్ట్రంలో, పిల్లల బడి మూడవ భాషలో ఉన్న మన సరిహద్దు పల్లెల వారికి ఈ కథ తేలికగానే అర్థమౌతుంది. నేల మీద గీత గీస్తే గట్టు వేయవచ్చు, రాయి పాతవచ్చు. నీటి మీద గీసిన గీత సంగతి వేరు. దానికి అటు ఇటు తిరిగే చేపను ఎవరు పట్టాలి, ఎంత పట్టాలి, పట్టినదానిని ఎవరు ఇంటికి తీసుకొనిపోవాలి అన్న ప్రశ్న ఆ సరస్సు మీద ఒకప్పుడు రెండు దేశాల వాణిజ్య వివాదం దాకా వెళ్ళింది.

సరస్సు వైశాల్యం సుమారు 4,350 చదరపు కిలోమీటర్లు. అందులో 14,500కు పైగా దీవులున్నాయి. ఎక్కువ భాగం కెనడాలోని ఆంటారియో రాష్ట్రానిది. పడమట కొంత మానిటోబా రాష్ట్రానిది. దక్షిణాన విశాలంగా, లోతు తక్కువగా పరచుకొన్న నీరు మినిసోటాకు చెందింది. ఉత్తర భాగమంతా రాతి దీవులు, సన్నని పాయలు, లోతైన మడుగులు. దక్షిణాన దృష్టి ఆనినంత మేర నీరే. గాలి లేస్తే చిన్న పడవలకు అది ప్రమాదకరమైన చోటు. ఆగ్నేయాన రెయినీ అనే నది వచ్చి సరస్సులో కలుస్తుంది. ఆ నది నడి నీటిలోనే రెండు దేశాల సరిహద్దు నడుస్తుంది.

ఆ కొమ్ము ఎందుకు మొలిచిందన్నది ఒక తప్పు పటం వలన జరిగిన పొరపాటు. 1783లో పారిస్ సంధి ద్వారా అమెరికా స్వాతంత్ర్యాన్ని బ్రిటన్ గుర్తించినప్పుడు, సరిహద్దు ఈ సరస్సు వాయవ్య మూల దాకా వచ్చి, అక్కడి నుండి నేరుగా పడమటికి సాగి మిసిసిపీ నదిని తాకవలెనని వ్రాసుకొన్నారు. సంధి చేసినవారి ముందున్న పటంలో మిసిసిపీ పుట్టుక ఎక్కడో ఉత్తరాన ఉన్నట్లు చూపబడింది. నిజానికి ఆ నది పుట్టినది సరస్సుకు చాలా దక్షిణాన. పడమటికి ఎంత దూరం పోయినా గీత నదిని తాకదు. 1818లో మరొక ఒప్పందం చేసి, వాయవ్య మూల నుండి గీతను తిన్నగా దక్షిణానికి దించి 49వ అక్షాంశంతో కలిపారు. ఆ దించుడులో కొంత నేల అమెరికాకు చెంది, మిగిలిన అమెరికా నేలతో సంబంధం లేక విడిగా మిగిలిపోయింది. దానినే నార్త్‌వెస్ట్ యాంగిల్ అంటారు. అక్కడ స్థిరంగా నివసించేవారు వంద మందికి కొంచెం అటు ఇటుగా ఉంటారు.

వారి జీవితం చూడండి. సొంత రాష్ట్రంలోని పట్టణానికి రోడ్డు మీద పోవాలంటే కెనడాలోకి ప్రవేశించి, మానిటోబా గుండా ప్రయాణించి, మరల అమెరికాలోకి రావాలి. అనగా ఒక దిక్కుకే రెండుసార్లు సరిహద్దు దాటాలి. ఊళ్ళో ఒకే గది గల ప్రాథమిక పాఠశాల ఉన్నది. ఆపై తరగతుల పిల్లలు బస్సెక్కి, మరొక దేశం గుండా వార్‌రోడ్ పట్టణంలోని బడికి పోతారు. ఈ ఊరికి వ్యవసాయం లేదు, కర్మాగారం లేదు. గాలం వేయడానికి వచ్చే యాత్రికులకు బస, పడవ, ఎర, భోజనం సమకూర్చడమే బ్రతుకుతెరువు. కనుక చేపను గురించిన ఏ నిబంధన అయినా వారి ఇంటి పొయ్యి దాకా వస్తుంది.

ఇక చేపల సంగతి. మూడింటిలో పెద్దపీట వాలైది. ఆలివ్ పచ్చ కలిసిన బంగారు రంగు మేను, తోక కింది కొసన తెల్లని మచ్చ, గాజుగోళీ వంటి పెద్ద కన్ను దాని గుర్తులు. ఆ కన్నే దాని బలం. కంటిపాప వెనుక కాంతిని తిప్పికొట్టే పొర ఒకటి ఉన్నది. రాత్రివేళ దీపపు వెలుగులో పశువుల కళ్ళు, పిల్లి కళ్ళు మెరిసేది అటువంటి పొర వలననే. మసక వెలుగులో చిన్న చేపలకు చూపు ఆనదు, వాలైకి ఆనుతుంది. అందుకే అది తెల్లవారుజామున, సందెవేళ, మబ్బు పట్టిన పగలు, గాలికి నీరు అలలుగా కదిలి వెలుతురు లోనికి దిగనప్పుడు వేటాడుతుంది. నీరు అద్దంలా నిలిచి, ఎండ నడినెత్తిన ఉన్నవేళ గాలం వేసినవాడు చాలామట్టుకు ఉత్త చేతులతోనే తిరిగి వస్తాడు.

పేరు విషయంలో ఒక మాట. మన చెరువులలో, నదులలో దొరికే వాలుగను తమిళనాడు వైపు వాళై అని, కర్ణాటక వైపు బాళె మీను అని పిలవడం మన పాఠకులకు తెలిసినదే. ఆ వాలుగ అన్న తెలుగు మాటే లాటిన్ వేషం వేసుకొని 'వాలగో' అనే శాస్త్రనామంగా ప్రపంచమంతటా నిలిచింది. అయితే అమెరికా వాలైకి, మన వాలుగకు ఏ చుట్టరికమూ లేదు. అక్కడి పేరులోని చివరి భాగానికి అర్థం కన్ను. మన వాలుగ పొలుసు లేని చేప, అది పొలుసు గల చేప. పేర్లు కలిశాయి, అంతే.

వాలైని పట్టే పద్ధతి చూడడానికి సులభం. సీసపు గుండు అతికించిన గాలానికి సజీవమైన చిన్న చేపనో, జలగనో, వానపామునో గుచ్చి అడుగు దాకా దించుతారు. నేలను తాకించి, జానెడు పైకి లేపి, మరల దించుతారు. వాలై ఎరను లాక్కొని పరుగెత్తే చేప కాదు. నోటితో పీల్చుకొని నిలిచిపోతుంది. దారం కొంచెం బరువెక్కినట్లు మాత్రమే చేతికి తెలుస్తుంది. దానిని గుర్తించడానికే అనుభవం కావాలి. మాంసం తెల్లగా, మెత్తగా ఉంటుంది. రెండు వైపుల ముక్కలు కోసి తీస్తే ముల్లు తగలదు. పట్టిన చోటనే ఒడ్డున మంట వేసి, బంగాళాదుంపలతో కలిపి వేయించుకొని తినడం అక్కడి ఆచారం. రెయినీ నది ఒడ్డున ఉన్న బౌడెట్ పట్టణంలో 1959లో నలభై అడుగుల పొడవైన వాలై విగ్రహాన్ని నిలబెట్టారు. చేపకు విగ్రహమా అని నవ్వుకోవచ్చు గాని, ఆ ఊరికి అన్నం పెట్టేది అదే.

వాలై వసంతకాలంలో, మంచు కరిగిన వెంటనే, నీరు ఇంకా ఆరు నుండి తొమ్మిది డిగ్రీల చల్లదనంలో ఉండగా గుడ్లు పెడుతుంది. గులకరాళ్ళు పరచుకొని, నీరు పారుతూ ఉండే చోటు దానికి కావాలి. సరస్సులోని రాతి గట్లకు కొన్ని, రెయినీ నదికి ఎదురెక్కి కొన్ని పోతాయి. గూడు కట్టదు, కాపలా కాయదు. గుడ్లు రాళ్ళ సందులలో రాలిపోతాయి. పెద్ద ఆడచేప లక్షలలో గుడ్లు పెట్టినా, వాటిలో చేపగా ఎదిగేవి బహు కొద్ది. ఆ చల్లని నీటిలో ఎదుగుదల కూడా నెమ్మది. ఆడచేప ఈనికకు రావడానికి నాలుగైదు ఏండ్లు, కొన్నిటికి అంతకంటె ఎక్కువ పడుతుంది. మన చెరువులో ఏడాదికే కిలో తూగే బొచ్చెతో దానిని పోల్చరాదు. పట్టిన చేప స్థానంలో మరొకటి రావడానికి అక్కడ ఎన్ని ఏండ్లు పడుతుందో ఆలోచించినవారికి నిబంధనలు అంత కఠినంగా ఎందుకున్నాయో తెలుస్తుంది.

పైక్ స్వభావం వేరు. మన కొర్రమీనును ఎరిగినవారికి దానిని ఊహించుకోవడం కష్టం కాదు. పొడవైన దేహం, బాతు ముక్కు వంటి మూతి, నోటి నిండ పళ్ళు. తుంగలోను, నాచులోను కదలకుండా పొంచి ఉండి, ఎర దగ్గరకు రాగానే బాణంలా దూకుతుంది. రెక్కలన్నీ తోక వైపునకు జరిగి ఉండడం ఆ దూకుడు కోసమే. మామూలు దారాన్ని కొరికి పారేస్తుంది కనుక గాలానికి పైన జానెడు ఉక్కు తీగ కడతారు. మంచు పూర్తిగా కరగకముందే ఒడ్డున వరద నిలిచిన గడ్డి మడుగులలోకి చేరి, గడ్డి పోచలకు అంటుకొనేటట్లు గుడ్లు పెడుతుంది. ఆ మడుగులను పూడ్చినా, సరస్సు మట్టాన్ని వేళ కాని వేళ దించినా ఆ ఏటి సంతానం ఎండిపోతుంది. సరస్సు నీటి మట్టం ఆనకట్టల చేతిలో ఉన్నది. ఎంత మట్టానికి మించరాదు, ఎంతకు తగ్గరాదు అన్నది 1925లో రెండు దేశాలు చేసుకొన్న ఒప్పందం నిర్ణయిస్తుంది. మట్టం మీద రాజీ కుదిరింది గాని, చేప మీద అంత తేలికగా కుదరలేదు.

పైక్ రుచికరమైనదే. మన రోహు, బొచ్చెలలో వలె కండలో చీలిన సన్న ముళ్ళుంటాయి. తెల్లవారు చాలామంది ఆ ముళ్ళకు వెరచి దానిని వదిలివేస్తారు. ముళ్ళను ఏరుకొని తినడం చిన్ననాటి నుండి ఎరిగిన మనవారికి అది అభ్యంతరం కారాదు.

మూడవది బాస్. అందులో చిన్న నోటి బాస్ అనబడేది ముఖ్యం. ఇది ఆ సరస్సుకు ఆదినుండి ఉన్న చేప కాదు. మనుషులు తెచ్చి విడిచినదే అక్కడ స్థిరపడింది. రాతి దీవుల అంచులు దాని నివాసం. గాలానికి చిక్కితే నీటి మీదికి ఎగిరి తల విదిలిస్తుంది. ఆ పోరాటం కోసమే దానిని కోరి పట్టేవారున్నారు. గుడ్ల వేళ దాని మగచేప చేసే పని మెచ్చదగినది. నీరు పదిహేను డిగ్రీలు దాటాక తోకతో గులకను ఊడ్చి పళ్ళెం వంటి గూడు చేస్తుంది. ఆడచేప గుడ్లు పెట్టి పోతుంది. మగది మేత మాని, గుడ్లను, పిదప పిల్లలను కాపలా కాస్తుంది. కొర్రమీను తన పిల్లల గుంపు వెంట తిరగడం మన కుంటలలో చూసిందే. ఆ కాపలా చేపను గాలంతో పైకి లాగి, ఫోటో తీసుకొని, దయతలచి వదిలినా చాలు. ఆ కొద్ది నిమిషాలలోనే చుట్టూ కాచుకొని ఉన్న చిన్న చేపలు గూటిని ఖాళీ చేసివేస్తాయి.

ఇప్పుడు నిబంధనల తీరు. మన వైపు చేపల వేటపై ఆంక్ష అంటే ఇన్ని నెలలు వేట నిషేధం అన్నదే ఎక్కువమందికి తెలుసు. అక్కడ నెలలతో పాటు కొలత కూడా చట్టమే. మినిసోటా నీటిలో వాలై, దాని దాయాది అయిన సాగర్ అనే చేప, రెండూ కలిపి ఒక మనిషి వద్ద ఆరు ఉండవచ్చు. ఆ ఆరింటిలో వాలై నాలుగుకు మించరాదు. పందొమ్మిదిన్నర అంగుళాలకు, ఇరవై ఎనిమిది అంగుళాలకు నడుమ ఉన్న వాలైని వెంటనే నీటిలో వదలాలి. అంతకు మించినది ఒక్కటి ఉంచుకోవచ్చు. పెద్ద చేపను పట్టి చిన్నదానిని వదలడమే ధర్మమని మనం అనుకొంటాం. ఇక్కడ నడిమి కొలత చేపను వదలమనడం ఎందుకంటే ఏటేటా గుడ్లు పెట్టే తల్లులు ఆ కొలతలోనే ఉంటాయి. కాపు కాసే చెట్టును నరకరాదన్నదే ఇందులోని లెక్క.

గీత అవతల కొలతలు మారిపోతాయి. ఆంటారియో వైపు 46 సెంటీమీటర్లకు మించిన వాలై ఒక్కటే ఉంచుకోవచ్చు. పైక్ విషయంలో మినిసోటా ముప్పై నుండి నలభై అంగుళాల నడుమ, అనగా సుమారు 76 నుండి 101 సెంటీమీటర్ల నడుమ ఉన్నవాటిని వదలమంటుంది. ఆంటారియో 70 నుండి 90 సెంటీమీటర్ల నడుమ ఉన్నవాటిని వదలమంటుంది. 72 సెంటీమీటర్ల పైక్ ఒకటి గాలానికి పడిందనుకోండి. అమెరికా నీటిలో అయితే అది కూరకు పోతుంది. వంద గజాల అవతల పడితే బ్రతికి బయటపడుతుంది. నీటిపై ఏ గుర్తూ లేదు. తానెక్కడ ఉన్నదీ తెలుసుకొనే బాధ్యత గాలం పట్టినవానిదే.

వదలమని చట్టం చెప్పినంత మాత్రాన వదిలిన చేప బ్రతుకుతుందని లేదు. ఈ సంగతిని అక్కడివారు కూడా ఆలస్యంగానే పట్టించుకొన్నారు. చేప కడుపులో గాలితిత్తి ఉంటుంది. పైక్‌కు ఆ తిత్తి నుండి గొంతుకు దారి ఉన్నది కనుక పైకి వచ్చేటప్పుడు గాలిని వదలగలదు. వాలైకి, బాస్‌కు ఎదిగిన తరువాత ఆ దారి ఉండదు. ముప్పై అడుగులకు మించిన లోతు నుండి గబగబ లాగితే నీటి ఒత్తిడి తగ్గి తిత్తి ఉబ్బిపోతుంది. కళ్ళు బయటకు పొడుచుకొని వస్తాయి, పొట్ట నోటిలోకి వస్తుంది. అటువంటి చేపను నీటిలో వదిలితే వెల్లకిల తేలి కొంగల పాలౌతుంది. అందుచేత కూరకు సరిపడినవి పట్టుకొన్నాక లోతు నీటిని విడిచి ఒడ్డు వైపు రావడమే అసలైన నియమం. చేతిని తడి చేసుకొని పట్టడం, మొప్పలలో వేలు పెట్టకుండడం, గాలం లోతుగా దిగితే పీకకుండా దారం కోసివేయడం, నడి వేసవిలో ఎక్కువసేపు ఆడించకుండడం మంచి వేటగాళ్ళు పాటించేవి. వదలడమంటే గట్టున నిలిచి విసిరివేయడం అనుకొనేవారు రెండు దేశాలలోను ఉన్నారు.

కొలతలు, లెక్కలు రావడానికి వెనుక ఒక నష్టం ఉన్నది. ఆ సరస్సులో స్టర్జన్ అనే భారీ చేప ఉన్నది. దాని గుడ్లు కేవియర్ పేరుతో ధనికుల బల్లలకు పోయేవి. 1890ల దశకంలో వర్తకులు వలలు దించి వేల సంఖ్యలో పట్టారు. ఆడ స్టర్జన్ మొదటిసారి గుడ్లు పెట్టడానికి ఇరవై అయిదు ఏండ్లు పడుతుంది. కొద్ది కాలంలోనే అది కరవైపోయింది. రెయినీ నది ఒడ్డున వెలసిన కాగితపు మిల్లుల వ్యర్థం మిగిలినదానిని కూడా తేరుకోనీయలేదు. 1970ల తరువాత ఆ కాలుష్యాన్ని అదుపు చేశాకనే మెల్లగా మరల కనబడసాగింది. పక్కనే, కాలువతో కలిసి ఉన్న షోల్ లేక్‌లో వాలై 1980ల నాటికి పడిపోయి, ఆ చేప వేటనే మూసివేయవలసి వచ్చింది.

ఈ భయమే 1990లలో తగవుకు దారితీసింది. ఆంటారియో వాదన ఇది: మా నీటిలో చేప పడుతున్నారు, రాత్రికి గీత అవతల అమెరికా బసలలో నిద్రపోతున్నారు, ఖర్చు అక్కడ పెడుతున్నారు, మాకు మిగిలేది ఖాళీ సరస్సు. అందుచేత ఆంటారియోలో రాత్రి బస చేయని విదేశీయులు పట్టిన చేపను ఉంచుకొనడంపై ఆ రాష్ట్రం ఆంక్షలు విధించింది. యాంగిల్ వాసుల వాదన మరొకటి: మా గుమ్మం ముందున్న నీరే కెనడాది, గీత మేము గీసింది కాదు, చేప రక్షణ నిజమైన ఉద్దేశమైతే కొలత అందరికీ ఒకటే ఉండాలి గాని ఎక్కడ నిద్రపోయారని అడగడం ఏమిటి?

రెండు వాదనలలోను న్యాయం ఉన్నది. కాని రాత్రి ఎక్కడ పడుకొన్నాడన్నదానిని బట్టి చేప సంతానం పెరగదు, తరగదు. ఆ నిబంధన వలన బసల యజమానులకు గిరాకీ పడిపోయింది. 1998లో మినిసోటా నుండి ఎన్నికైన పార్లమెంటు సభ్యుడు కాలిన్ పీటర్సన్, యాంగిల్ ప్రజలు కోరుకొంటే అమెరికా నుండి విడిపోయి మానిటోబాలో చేరడానికి వీలుగా రాజ్యాంగ సవరణ ప్రతిపాదించాడు. అది సాగుతుందని ఎవరూ అనుకోలేదు. మా మొర ఎవరూ వినడం లేదని చెప్పడానికి అదొక దారి. 1999లో విషయం అమెరికా వాణిజ్య ప్రతినిధి కార్యాలయం ముందుకు వెళ్ళింది. ఆ ఏడు చివరకు ఆంటారియో బస నిబంధనను ఉపసంహరించుకొన్నది.

ఈ తగవులో రెండు ప్రభుత్వాల పేర్లే వినిపించాయి. సరస్సుకు అంతకు ముందరి హక్కుదారులున్నారు. వారు ఒజిబ్వే అనే ఆదివాసీ జాతి వారు. చేప, నీటిలో తనంతట పెరిగే అడవి వరి వారి ఆహారం. 1873లో కెనడా ప్రభుత్వానికి, వారికి జరిగిన మూడవ నంబరు ఒప్పందం కుదిరిన చోటు ఈ నార్త్‌వెస్ట్ యాంగిలే. అందులో వేటాడే హక్కును, చేపలు పట్టే హక్కును వారు నిలుపుకొన్నారు. అమెరికా వైపు యాంగిల్ నేలలో ఎక్కువ భాగం నేటికీ రెడ్ లేక్ ఒజిబ్వే తెగదే.

ఆ రెడ్ లేక్ తెగ వారి సొంత సరస్సు అక్కడికి దక్షిణాన ఉన్నది. చాలా భాగం తెగది, తూర్పు అంచు కొంత మినిసోటా రాష్ట్రానిది. 1990ల నడుమ అక్కడ వాలై దాదాపు మాయమైంది. 1997లో తెగ వారు తమంతట తాము వలలు మాని ఒడ్డుకు చేర్చారు. 1999లో తెగ, రాష్ట్రం, కేంద్ర ప్రభుత్వం ఒక ఒప్పందానికి వచ్చి, గీతకు రెండు వైపులా వాలై వేటను పూర్తిగా ఆపివేశాయి. 1999, 2001, 2003 సంవత్సరాలలో కోట్ల సంఖ్యలో చేపపిల్లలను విడిచారు. ఏడేండ్లు ఎవరూ ముట్టలేదు. 2006లో మరల తెరిచారు, చేప తిరిగి వచ్చింది. ఒక వైపు మాత్రమే మానివేసి ఉంటే మానినవాడు నష్టపోయేవాడు, మాననివాడు ఆఖరి చేపను పట్టేవాడు.

మన పులికాట్ సరస్సు మీద కూడా ఆంధ్రప్రదేశ్, తమిళనాడు జాలరుల నడుమ హద్దుల తగవులు పడుతూనే ఉన్నాయి. అది ఉప్పు కలిసిన నీరు, చేపలు వేరు, పట్టేవారికి అది వినోదం కాదు, రోజు కూలి. అందుచేత రెండింటినీ ఒకే కాటాలో తూచలేము. ఒక్కటి మాత్రం గమనించదగినది. పులికాట్ దక్షిణపు కొసన జాలరి పల్లెలలో పాడు అనే కట్టుబాటు తరతరాలుగా ఉన్నది. ఏ రోజు ఎవరు ఏ చోట వల వేయాలో వంతుల వారీగా వారే నిర్ణయించుకొంటారు. అమెరికాలో కొలతబద్ద చేసే పనిని ఇక్కడ వంతు చేస్తున్నది. ఏ వంతుకైనా ఊరి అందరి ఒప్పుదల కావాలి. అయితే ఆ ఒప్పుదల రాష్ట్రపు గీతను దాటి అవతలి ఊరి దాకా పోవడమే కష్టంగా ఉన్నది.

శీతకాలపు వేటను చెప్పకపోతే ఆ సరస్సు సంగతి సగమే చెప్పినట్లు. జనవరి నాటికి నీరు రెండు మూడు అడుగుల మందాన గడ్డకడుతుంది. దాని మీద వాహనాలు పోయే బాటలు వేస్తారు. చక్రాల గుడిసెలను లాగి తెచ్చి నిలుపుతారు. లోపల పొయ్యి, పడక, నేలలో బెజ్జం. బెజ్జం గుండా దారం దించి కూర్చొంటారు. మినిసోటాలోని ఇతర సరస్సులలో వాలై వేట ఫిబ్రవరి చివరకు ముగిసినా, ఇక్కడ ఏప్రిల్ 14 దాకా అనుమతి ఉన్నది. కరోనా కాలంలో, 2020 మార్చిలో కెనడా సరిహద్దు మూతబడి 2021 ఆగస్టు దాకా తెరుచుకొనలేదు. యాంగిల్‌కు అతిథులు వచ్చే రోడ్డు అదే గనుక బసలన్నీ వెలవెలబోయాయి. 2021 శీతకాలంలో ఆ ఊరివారు సరస్సు మంచు మీదనే, కెనడా నేల తగలకుండా, సొంత రాష్ట్రపు ఒడ్డు దాకా బాట వేసుకొన్నారు. కరిగిపోయే బాట అది. ఆ కొద్ది వారాల రాబడితో ఏడాది గడపవలసిన ఇండ్లు ఉన్నాయి.

మన కుటుంబాలలో కొందరి పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు మినియాపొలిస్ ప్రాంతానికి వెళ్ళి ఉన్నారు. సెలవులలో ఆ సరస్సుకు పోవాలనుకొనే వారు, చూడబోయే తల్లిదండ్రులు కొన్ని సంగతులు గుర్తుంచుకోవాలి. గాలం సరదాకే వేసినా లైసెన్సు తప్పనిసరి. మినిసోటాలో పదహారేండ్లు నిండినవారికి, ఆంటారియోలో పద్దెనిమిది నిండిన విదేశీయులకు అది కావాలి. ఒక వైపు లైసెన్సు రెండవ వైపు చెల్లదు. గీత దాటి గాలం వేసేవారు ప్రయాణ పత్రాల సంగతి ముందే కనుక్కోవాలి, భారతీయ పాస్‌పోర్టు గలవారికి కెనడా వీసా ప్రశ్న వస్తుంది. సజీవమైన ఎరను ఆంటారియోలోకి తీసుకొనిపోరాదు. కొలతలు ఏటేటా మారవచ్చు కనుక ఆ ఏటి నిబంధనల పుస్తకం చూసుకొని, కొలతబద్ద వెంట ఉంచుకోవాలి. శీతకాలంలో మంచు మీద కాలు పెట్టడానికి కనీసం నాలుగు అంగుళాల గట్టి మంచు ఉండాలి, వాహనానికి అంతకు రెండు మూడింతలు కావాలి. ఏప్రిల్‌లో మంచు పైకి తెల్లగా గట్టిగా కనబడినా లోపల పుల్లలు పుల్లలుగా విరిగే స్థితిలో ఉంటుంది. ఆ నెలలో స్థానికులు అడుగు వేయని చోట మనవారు వేయరాదు.